ఎర్ర టోపీవారి పదేళ్ళ మాట

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్నారు మన పెద్దలు. చీరల విషయంలోనూ సినిమాల విషయంలోనూ ఈ మాట చాలావరకు నిజమే. కంప్యూటర్ల విషయంలో అయితే చెప్పనే అక్కర్లేదు. నిరుడు కొన్న ఫోను ఈ యేడు పిల్లల కంటికి ఆనదు. కానీ ఆ కంప్యూటర్ల లోకంలోనే ఒక మూల ఈ సామెత తలకిందులుగా నడుస్తోంది. అక్కడ "ఈ సరుకును పదేళ్ళపాటు ఉన్నదున్నట్టు కాపాడతాం, మీ పనికి అడ్డొచ్చే మార్పు చేయం" అని మాట ఇస్తారు. ఆ మాటకే డబ్బు పుచ్చుకుంటారు. ఆ సరుకు పేరు ఎంటర్‌ప్రైజ్ లినక్స్. పెద్ద పెద్ద సంస్థల కోసం తయారైన లినక్స్ అన్నమాట.

"అదేదో ఇంజనీర్ల గొడవ, మాకెందుకండీ" అనకండి. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని గుండెకాయ లినక్సే. ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటుంది. 2017 నవంబరు జాబితాకి వచ్చేసరికి ఆ 500 కంప్యూటర్లూ లినక్స్ మీద నడిచేవే. అసలు ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనేమిటంటారా? ఇంట్లో ఇల్లాలు చేసే పనే. ఏ పొయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుంది, ఏ సామాను ఏ అలమరలో ఉంది, ఎవరికి ముందు వడ్డించాలి - ఇవన్నీ చూసుకోవడం. సవ్యంగా సాగినన్నాళ్ళూ ఆ మనిషి ఇంట్లో ఉన్నట్టే ఎవరికీ తోచదు. ఒక్క పూట మంచాన పడితే ఇల్లంతా తెలిసొస్తుంది.

1991లో ఫిన్లాండు దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు సరదాగా మొదలుపెట్టిన పని ఇది. మరుసటి యేడు దాన్ని జీపీఎల్ అనే షరతుల కింద లోకానికి వదిలేశాడు. ఆ షరతుల సారం మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. ఈ వంట ఎవరైనా వండుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే ఎవరికి వడ్డిస్తే వాళ్ళకి, అడిగినప్పుడు వండే విధానం కూడా చెప్పి తీరాలి. ఈ ఒక్క షరతు మీదే తరవాతి కథంతా నడిచింది. కనక దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

1993 ప్రాంతంలో అమెరికాలో బాబ్ యంగ్ అనే ఆయన, భార్య బట్టలు కుట్టుకునే చిన్నగదిలో కూర్చుని కంప్యూటరు సామగ్రిని కేటలాగు ద్వారా అమ్మడం మొదలుపెట్టాడు. అదే సమయంలో మార్క్ యూయింగ్ అనే యువకుడు తన సొంత లినక్స్ కూర్పు తయారుచేస్తున్నాడు. కాలేజీలో చదివే రోజుల్లో ఈ మార్క్ తాతగారి టోపీ ఒకటి పెట్టుకు తిరిగేవాడట. ఎరుపు, తెలుపు రంగుల టోపీ. ఎవరికైనా కంప్యూటరుతో చిక్కొస్తే "ఆ ఎర్ర టోపీ అబ్బాయిని అడగండి" అనేవారట. అలా ఆ కూర్పుకి రెడ్ హ్యాట్ అని పేరొచ్చింది. పాపం, తరవాత ఆ టోపీ ఎక్కడో పోయింది. తొలి కూర్పు వెంట ఇచ్చిన చేతిపుస్తకంలో "దొరికినవారు దయచేసి తిరిగి ఇవ్వగలరు" అని కూడా రాసుకున్నాడు! 1995లో వీళ్ళిద్దరూ కలిసి ఒకే కంపెనీ అయ్యారు. 1999 ఆగస్టులో ఆ కంపెనీ వాటాలు బజారుకొచ్చినప్పుడు, కుట్టుగదిలో పుట్టిన వ్యాపారం వాల్ స్ట్రీట్‌ని ఊపేసింది.

అంతా బాగానే ఉంది గానీ, ఆరంభంలోనే ఒక పెద్ద లోపం బయటపడింది. ఆరేసి నెలలకో కొత్త కూర్పు వచ్చేది. ఇంట్లో ఆడుకునే కుర్రాళ్ళకి అది పండగే. బ్యాంకువాళ్ళకి మాత్రం ప్రాణసంకటం. వాళ్ళ లెక్కల ప్రోగ్రాము ఒక కూర్పు మీద సరిగా నడుస్తోందని పరీక్షించి, ధ్రువపరచి, ఊపిరి పీల్చుకునేలోగా ఆ కూర్పు పాతబడిపోయేది. నెలనెలా వంటమనిషి మారే ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?

దీనికి జవాబుగా 2002లో రెడ్ హ్యాట్ అడ్వాన్స్‌డ్ సర్వర్ అనే కూర్పు తెచ్చింది. అదే తరవాత రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అయింది. కొత్త కూర్పులు నెమ్మదిగా వస్తాయి. వచ్చిన ప్రతి కూర్పుకూ ఏళ్ళ తరబడి మరమ్మతు హామీ ఉంటుంది. తొలి కూర్పులకి ఏడేళ్ళ హామీ దక్కింది. 2012లో దాన్ని పదేళ్ళు చేశారు. సాఫ్ట్‌వేరు ఉచితమే, పుచ్చుకునే డబ్బు ఈ పదేళ్ళ మాటకీ, పిలిస్తే పలికే మనిషికీ అన్నమాట. వ్యాపారం దివ్యంగా సాగింది.

ఈ ఏర్పాటు రావడంతోనే మామూలు రెడ్ హ్యాట్ లినక్స్‌కి కాలం చెల్లింది. 2003లో వచ్చిన 9వ కూర్పే ఆఖరిది. 2004 ఏప్రిల్‌తో దాని మరమ్మతులు కూడా ఆగిపోయాయి. డబ్బు పెట్టలేనివాళ్ళకి ఫెడోరా అనే వేరే కూర్పు మిగిలింది. అది మళ్ళీ ఆరునెలల పరుగే. కాలేజీలు, చిన్న కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు బిక్కమొహం వేశాయి.

అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది, వండే విధానం ఇవ్వాలన్న షరతు. రెడ్ హ్యాట్ తన కూర్పు విధానాన్నంతా బహిరంగంగానే ఉంచుతోంది కదా! అది చూసి, ఎర్ర టోపీ గుర్తులు మాత్రం తీసేసి, అచ్చం అలాగే వండితే ఏం? 2004లో అలా పుట్టిందే సెంటోస్. స్వచ్ఛందంగా పనిచేసే కొద్దిమంది దాన్ని నడిపారు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్, యూరపులోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనాలయాలు అదే యేడు తమ అవసరాల కోసం సైంటిఫిక్ లినక్స్ అనే కూర్పు వండుకున్నాయి. ప్రపంచమంతటా లెక్కలేనన్ని సర్వర్లు ఈ ఉచిత భోజనం మీద బతికాయి.

ఇక్కడ మన తెలుగుకి కూడా ఒక పీట వేశారని చెప్పుకోవాలి. 2007లో వచ్చిన 5వ కూర్పు పలికే భాషల్లో హిందీ, తమిళం, కన్నడాలతో పాటు తెలుగు కూడా ఉంది. రెడ్ హ్యాట్ అందరికీ ఉచితంగా వదిలిన లోహిత్ అక్షరాల్లో లోహిత్ తెలుగు ఒకటి. లోహితమంటే ఎరుపే కదా, టోపీ రంగు సంస్కృతంలోకి వచ్చిందన్నమాట.

ఇక రోజువారీ లోపాల సంగతి. తొలినాళ్ళలో లినక్స్‌లో ఒక కొత్త ప్రోగ్రాము పెట్టుకోవడమంటే అరువు బేరంలా ఉండేది. పులిహోర కలపబోతే చింతపండు కావాలంటుంది. చింతపండు కోసం పక్కింటికెళ్తే, వాళ్ళు "మా గిన్నె ముందు తెచ్చివ్వండి" అంటారు. ఆ గిన్నె ఇంకెవరింట్లోనో ఉంటుంది. ఒక ప్రోగ్రాముకి ఇంకొకటి, దానికి మరొకటి, చివరికి మొదటిదే మళ్ళీ కావాలనడం! ఈ అవస్థకి ఇంజనీర్లు "డిపెండెన్సీ నరకం" అని పేరు పెట్టారు. దీన్ని తీర్చినవాళ్ళు పెద్ద కంపెనీ పెద్దలు కారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే సేథ్ విడాల్, మైకేల్ స్టెన్నర్ అనే ఇద్దరు. ఒక్క మాట చెబితే కావలసినవన్నీ తనే వెతికి, తెచ్చి, వరసగా పెట్టే యమ్ అనే సాధనాన్ని వాళ్ళు తయారుచేశారు. అది 5వ కూర్పుతో ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లోకి వచ్చేసింది. విడాల్ 2013 జూలైలో సైకిలు మీద వెళ్తూ కారు ప్రమాదంలో కన్నుమూశాడు. ఆ సరికి లక్షలాది కంప్యూటర్లు ఆయన సాధనంతోనే సామాను తెచ్చుకుంటున్నాయి.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు పాతదనం. పదేళ్ళు కూర్పు మార్చమన్నారు కదా, మరి ఈలోగా రంధ్రాలు పడితే? మాసిక వేస్తారు. కొత్త కూర్పులో చేసిన మరమ్మతును విప్పి తెచ్చి, పాత గుడ్డకి సరిపోయేలా కుట్టడం అన్నమాట. ఇది చాలా ఓపిక, నేర్పు కావలసిన పని. మాసిక పడ్డాక కూడా పైన చీటీ మీద పాత నంబరే ఉంటుంది. దాంతో తనిఖీకి వచ్చిన యంత్రం నంబరు చూసి "ఇది పాతది, ప్రమాదం" అని కేకలు పెడుతుంది. ఉద్యోగి "బాబూ, లోపల బాగుచేశారు" అని కాగితాలు చూపించి నచ్చచెప్పుకోవాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు చాలామందికి ఈ అనుభవమే అయింది.

అన్నట్టు, ఆ హార్ట్‌బ్లీడ్‌లో ఒక విచిత్రముంది. బ్యాంకు పాస్‌వర్డుల్లాంటి రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో ఆ లోపం దొరికింది. రెడ్ హ్యాట్‌లో అప్పటికి కొత్తదైన 6.5 కూర్పుకి అది తగిలింది. అందరూ పాత చింతకాయ పచ్చడి అని ఈసడించిన 5వ కూర్పుకి తగల్లేదు. లోపం పుట్టకముందు నాటి సరుకు అందులో ఉంది మరి! 2024 మార్చిలో కూడా ఇలాంటిదే జరిగింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనంలో ఎవరో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయండ్ అనే ఇంజనీరు, లోపలికి వెళ్ళడానికి అరసెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరా తీసి దాన్ని పట్టుకున్నాడు. అప్పటికది ఫెడోరా ప్రయోగ కూర్పుల గడప తొక్కింది గానీ, ఎంటర్‌ప్రైజ్ కూర్పుల దాకా రాలేదు.

అలాగని పాతదంతా బంగారమనుకోకండి. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే మరో లోపం దొరికింది. అది 1989 నుంచీ పాతికేళ్ళు ఎవరి కంటా పడకుండా కూర్చుంది. పాతదనానికి రోజువారీ కష్టాలూ ఉన్నాయి. పైథాన్ అనే భాష 2.7వ కూర్పుకి దాన్ని తయారుచేసినవారు 2020 జనవరి 1తో స్వస్తి చెప్పారు. 7వ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ మాత్రం 2024 జూన్ దాకా ఆ 2.7తోనే కాపురం చేసింది. పోనీ కొత్త పైథాన్ పెట్టుకుందామని పాతది పీకేస్తే? ఇందాక చెప్పిన యమ్ ఆ పాత పైథాన్‌లో రాసిందే. కాబట్టి అదీ కుప్పకూలేది. ఇక కొత్తది తెచ్చిపెట్టే సాధనమే ఉండదు! ఎందరో ఉద్యోగులు ఇలా కూర్చున్న కొమ్మను నరుక్కున్నారు. 2019లో వచ్చిన 8వ కూర్పులో దీనికి దారి చూపారు. ఇంటి పనులకి ఒక పైథాన్ విడిగా దాచి, వాడుకునేవాళ్ళు కావలసిన కూర్పులు పక్కన పెట్టుకునే వీలు కల్పించారు. అందుకోసం పెట్టిన మాడ్యూళ్ళ పద్ధతి మరీ చిక్కుపడి, 2025లో వచ్చిన 10వ కూర్పుకి దాన్ని తీసేశారు. దిద్దుబాటుకి కూడా దిద్దుబాటు కావాల్సి వచ్చింది.

ఇంకొక కష్టం, పదేళ్ళు నిండాక పాత కూర్పు నుంచి కొత్తదానికి మారడం. చాలాకాలం దీనికి తిన్నని దారి ఒకటే - కొత్తిల్లు కట్టుకుని సామాను మోసుకుపోవడం. ఉన్న ఇంట్లో ఉంటూనే బాగుచేసుకునే లీప్ అనే సాధనం 7 నుంచి 8కి మారే వేళకి గానీ కుదురుకోలేదు. అయినా పాత యంత్రాలున్న వాళ్ళ బాధ తీరలేదు. 7వ కూర్పు 32 బిట్ల యంత్రాలకి తలుపు మూసింది. 8వది పాత డిస్కు పరికరాలు కొన్నిటిని వదిలేసింది. 10వది సుమారు 2013కి ముందు నాటి ఇంటెల్ ప్రాసెసర్లను రానివ్వదు. నడుస్తున్న యంత్రాన్ని పారేయడానికి చేయి రాని చిన్న సంస్థలకి ఇది చిన్న విషయం కాదు.

ఇవన్నీ యంత్రం లోపాలు. యంత్రం లోపాలకి ఎవరో ఒకరు మందు కనిపెడుతూనే ఉంటారు. మందు దొరకని లోపం మనుషుల మాటలో ఉంటుంది. అసలు కథ అదే.

సెంటోస్ నడిపేవాళ్ళు కొద్దిమందే అని చెప్పాను కదా. 2009 జూలైలో వాళ్ళు ఒక బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. వెబ్‌సైటు పేరూ, విరాళాల డబ్బూ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ వ్యవస్థాపకుడు పలకడంలేదు! కొద్ది రోజుల్లో రాజీ కుదిరింది గానీ అందరి గుండెల్లో రాయి పడింది. రెడ్ హ్యాట్ 6వ కూర్పు 2010 నవంబరులో వస్తే, సెంటోస్ 6 రావడానికి 2011 జూలై అయింది. ఎనిమిది నెలలు! అందుకే 2014లో రెడ్ హ్యాటే సెంటోస్‌ను తన పంచన చేర్చుకున్నప్పుడు చాలామంది "హమ్మయ్య, పెద్ద దిక్కు దొరికింది" అనుకున్నారు. అంత నమ్మకంతోనే ఫెర్మీల్యాబ్ 2019లో "ఇక సైంటిఫిక్ లినక్స్ 8 ఎందుకు, సెంటోస్ 8 ఉంది కదా" అని తమ సొంత వంట మానేసింది. అదే యేడు ఐబిఎమ్ కంపెనీ రెడ్ హ్యాట్‌ను సుమారు 3,400 కోట్ల డాలర్లకి కొనేసింది.

2020 నవంబరు 30న సెంటోస్ 6 కాలం ముగిసింది. వాడుకునేవాళ్ళు బుద్ధిగా సెంటోస్ 8కి మారారు. 2029 దాకా నిశ్చింత అనుకున్నారు. సరిగ్గా ఎనిమిది రోజులకి, డిసెంబరు 8న, ప్రకటన వచ్చింది: సెంటోస్ 8 ఆయువు 2021 డిసెంబరు 31 వరకే. ఇకపైన సెంటోస్ స్ట్రీమ్ మాత్రం ఉంటుంది. అది రెడ్ హ్యాట్ తరవాతి కూర్పుకి ముందుగా రుచి చూసే గరిటెడు. అంతకుముందరి 7వ కూర్పు 2024 జూన్ దాకా బతికింది. దాని తరవాత పుట్టిన 8 ముందే పోయింది. ముందు జాగ్రత్తగా కొత్తదానికి మారినవాళ్ళకే శిక్ష పడింది, బద్ధకించినవాళ్ళు బతికిపోయారు.

రెడ్ హ్యాట్ వాదన కూడా వినాలి. ఇంతమంది ఇంజనీర్లకి జీతాలిచ్చి పదేళ్ళు మాసికలు వేసేది మేము, దాన్ని ఉన్నదున్నట్టు వండుకుని పైసా ఇవ్వకుండా వాడుకునేవాళ్ళని మేమెందుకు పోషించాలి అన్నది వాళ్ళ మాట. అందులో న్యాయం లేకపోలేదు. జీతాలు గాలిలోంచి రావు. 2021 జనవరిలో వ్యక్తులకి 16 యంత్రాల దాకా ఉచితంగా వాడుకునే వీలూ కల్పించారు. కానీ ఉచితంగా ఇవ్వకపోవడం వేరు, ఇస్తామని తేదీ చెప్పి మధ్యలో లాక్కోవడం వేరు. ఇంట్లో అద్దెకున్నవాళ్ళని కూడా ఖాళీ చెయ్యమంటే ఒప్పందం గడువు చూస్తాం కదా. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ మరో అడుగు వేసి, కూర్పు విధానాన్ని అందరికీ కాక తన ఖాతాదారులకే పరిమితం చేసింది. ఏరు దాటి తెప్ప తగలేశారని కొందరు తిట్టిపోశారు.

అయితే జీపీఎల్ షరతు ఊరికే పోలేదు. సెంటోస్ తొలి వ్యవస్థాపకుల్లో ఒకడైన గ్రెగరీ కర్ట్జర్ ప్రకటన వెలువడిన రోజునే మళ్ళీ వండుతామని చెప్పాడు. కాలం చేసిన తన తొలి సహచరుడు రాకీ మెక్‌గా పేరు మీద దానికి రాకీ లినక్స్ అని పెట్టాడు. 2021 మార్చిలో ఆల్మా లినక్స్, జూన్‌లో రాకీ లినక్స్ వచ్చాయి. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళు కదా, ఆల్మా వాళ్ళు దాని యాజమాన్యాన్ని లాభాపేక్షలేని ఒక సంస్థకి అప్పగించారు. రెడ్ హ్యాట్ వదిలేసిన పాత పరికరాలకి మళ్ళీ చోటిచ్చారు, 10వ కూర్పులో పాత ప్రాసెసర్లకీ విడిగా ఒక పంక్తి వేశారు. 2022 డిసెంబరులో సెర్న్, ఫెర్మీల్యాబ్ కలిసి తమ ప్రయోగాలకి ఆల్మాను ఎంచుకున్నాయి.

ఇంకా కావలసినవేమిటంటే జాబితా పెద్దదేం కాదు. కూర్పు మార్చుకోవడం కాపురం తరలించినంత పని కాకూడదు. మాసిక వేసిన సంగతి తనిఖీ యంత్రానికి కూడా తెలిసేలా చీటీ ఉండాలి. నడుస్తున్న యంత్రాన్ని ఏ పరికరం వల్ల వదిలేస్తున్నారో ముందే చెప్పాలి. అన్నిటికంటే ముందు, చెప్పిన గడువును ఒక్క కంపెనీ ఒక్క రోజులో చెరిపేసే వీలుండకూడదు. ఆ గడువు ఎవరి చేతిలో ఉందో, వాళ్ళకి ఖర్చులెక్కడినుంచి వస్తాయో చూసుకున్నాకే మన సామాను దింపుకోవాలి. ఉచితమంటే బాధ్యత లేదని అర్థం కాదు. వాడుకునే పెద్ద సంస్థలు ఆ కొద్దిమంది స్వచ్ఛంద సేవకులకి నాలుగు డబ్బులో, నలుగురు మనుషులనో ఇవ్వకపోతే 2009 నాటి బహిరంగ లేఖ మళ్ళీ రాయాల్సి రావచ్చు.

సెంటోస్ 8కి మొదట చెప్పిన గడువు 2029 మే. ఆ మాట ఇచ్చినవాళ్ళు దింపేసుకున్న బరువును ఇప్పుడు ఆల్మా 8, రాకీ 8 అదే 2029 దాకా మోస్తామంటున్నాయి. ఆ తేదీ వచ్చేనాటికి ఆ కూర్పు పాత చింతకాయ పచ్చడే అయి ఉంటుంది. ఏ పరిశోధనాలయంలోనో ఓ మూల యంత్రం మీద అది నోరెత్తకుండా పనిచేస్తూ కనిపిస్తే, అప్పటికైనా ఒక పదేళ్ళ మాట నిలబడిందని లెక్క వేసుకోవచ్చు.